ఏ1 అంటే ఫస్ట్ ర్యాంకు కాదండీ!

తెలుగువాళ్లకు చట్టం తెలియదని ఎవరైనా అంటే నమ్మొద్దు. సగం బ్రహ్మాండంగా తెలుసు. ఎఫ్ఐఆర్, లుకౌట్ నోటీసు, అరెస్టు, రిమాండ్, నాన్‌బెయిలబుల్ అంటూ జైలు గేటు దాకా ఉండే మాటలన్నీ టిఫిన్ సెంటర్ దగ్గర ఇడ్లీ చల్లారేలోపు అప్పజెప్పగలం. గేటు దాటాక వచ్చే చార్జిషీటు, అభియోగాల నమోదు, డిశ్చార్జి, సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్ మాత్రం మనకు పట్టవు. అందుకే మన దగ్గర కేసు పెట్టడమే తీర్పు, అరెస్టే శిక్ష. ర్యాంకుల మీద మమకారం ఎక్కువేమో, నిందితుల జాబితాలో వరుస నంబరును కూడా ర్యాంకుగానే చదువుతాం. ఏ1 అంటే మహాపాపి, ఏ2 అంటే కొంచెం తక్కువ పాపి, ఏ16 పాపం క్వాలిఫై అయ్యాడంతే! కాగితం మీద ముందు రాసినంత మాత్రాన నేరం ఎక్కువ రుజువైపోదని చెబితే వినేవాడెవడు?

అసలు ఎఫ్ఐఆర్ అంటే పోలీసులకు మొదట అందిన సమాచారాన్ని రాసుకున్న కాగితం. వారంట్ లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం జరిగిందని ఎవరైనా చెబితే కేసు నమోదు చేయాల్సిందేనని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అంటే నమోదు చేసే అధికారి అది నిజమని తేల్చినట్టు కాదు. ఆ తర్వాతి ఘట్టం మరీ రంజుగా ఉంటుంది. నిందితుడికి ముసుగేసి కెమెరాల ముందు నిలబెడతారు. మర్నాడు ‘నేరం ఒప్పుకున్నాడు’, ‘రిమాండ్ రిపోర్టులో సంచలన విషయాలు’ అని పతాక శీర్షికలు. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టమే చెప్పింది, దాని స్థానంలో వచ్చిన 2023 చట్టమూ అదే అంటోంది. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకే విలువ. ఇక వార్త లోపల ఎంతో జాగ్రత్తగా ‘నిందితుడు’ అని రాసే చెయ్యే హెడ్డింగులో ‘కీచకుడు’ అని తీర్పిచ్చేస్తుంది. నాన్‌బెయిలబుల్ అంటే బెయిల్ హక్కుగా రాదు, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ, అంతవరకే. మనం మాత్రం బెయిల్ రాదనుకుంటాం కనుక, వచ్చిందంటే గెలిచాడనుకుంటాం. టపాసులు, కార్ల ర్యాలీ, పాలాభిషేకం. పోలీసులు గడువులోగా చార్జిషీటు వెయ్యనందుకు వచ్చిన బెయిల్‌కైనా ఇదే వైభోగం.

చట్టం లాయర్ల వ్యవహారం, మామూలు మనిషికి ఈ తేడాలెందుకు అంటారు కొందరు. మామూలు మనిషిని తక్కువ అంచనా వేయొద్దు. భూమి 22ఏ నిషేధిత జాబితాలో పడితే రిజిస్ట్రేషన్ ఆగుతుందని, అడంగల్‌లో పేరు తప్పుపడితే ఎక్కడ తిరగాలో బడి మెట్లెక్కని రైతుకూ తెలుసు. ఆస్తి తనది కనుక నేర్చుకున్నాడు. పరువు పక్కవాడిది కనుక నేర్చుకోలేదు. మనకు తెలుసనుకున్న ఆ సగమూ 2024 జులై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి రావడంతో బోల్తా కొట్టింది. మనం మోసగాడికిచ్చిన బిరుదు 420 ఇప్పుడు 318(4) అయింది, తిట్టడానికి నోరు తిరగదు. గుంపులు కూడొద్దనే 144, 163కి మారింది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144 అంటే భార్యాబిడ్డలకు, తల్లిదండ్రులకు భరణం. అయినా గొడవైన ఊళ్లో ‘144 సెక్షన్ విధింపు’ అని రాస్తూనే ఉన్నాం. ఊరు ఊరంతా ఎవరికి మనోవర్తి కట్టాలో!

రెండో అభ్యంతరం గట్టిది. విచారణ ఏళ్ల తరబడి సాగుతుంది, పలుకుబడి ఉన్నవాడు చివరికి తప్పించుకుంటాడు, కాబట్టి జనం ముందే తేల్చేసుకుంటే తప్పేముంది? ఆలస్యం నిజమే. కానీ తీర్పు రావడం ఆలస్యమైతే ఆరోపణ ముగ్గి తీర్పుగా మారదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి కేసు ఇంకా తేలలేదు. వాళ్లలో ఎంతమందికి పలుకుబడి ఉంటుంది? బెయిల్ వచ్చినా జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయేవాడు పేదవాడు. వాడి ఫొటో అరెస్టు రోజున మొదటి పేజీలో వేసి, కేసు కొట్టేసిన రోజున సింగిల్ కాలమ్ కూడా ఇవ్వం. ఇచ్చినా ‘సాక్ష్యాలు లేక వదిలేశారు’ అని దీర్ఘం తీస్తాం. నేరం రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దని, రుజువు చేయలేకపోతే నిలదీయాల్సింది వాళ్లనని తోచదు.

పలుకుబడి ఉన్నవాడికి మన సగం చదువు శిక్ష కాదు, ఊతం. కేసు పెట్టడమే శిక్ష అయిపోయాక, కేసు పెట్టించగలవాడికి కోర్టుతో పనేముంది? రుజువు లేకుండానే ప్రత్యర్థి పరువు తీయొచ్చు. ఆ ప్రత్యర్థి నిజంగా తిన్నవాడైనా ‘కక్ష సాధింపు’ అని తొడకొట్టి, బెయిల్ ఉత్తర్వును నిర్దోషిత్వపు పత్రంలా ఊపుకుంటూ ఓట్లడగొచ్చు. ఎన్నికలయ్యాక సీట్లు మారతాయి, డైలాగులూ మారతాయి. నిన్న కక్ష అన్నవాడే ఇవాళ ‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ అంటాడు. ప్రెస్‌మీట్‌లో ‘చార్జిషీటు ఎప్పుడేస్తారు సార్?’ అని ఎవరూ అడగరు గనక ఇద్దరికీ ఇబ్బంది లేదు.