తెనాలి కార్డు, బ్యాంకాక్ మిషను

నన్ను డెబిట్ కార్డంటారు. మాది తెనాలి. పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు 54కి వెంట్రుకవాసి తక్కువ, మందం ముప్పాతిక మిల్లీమీటరు. ఏ దేశంలో ఏ బ్యాంకు ఇచ్చిన కార్డుకైనా ఇవే కొలతలు. అందుకే బోసురోడ్డు మిషన్లో పట్టినట్టే బ్యాంకాక్ మిషన్లోనూ పడతాను. పట్టడం వరకూ నా చేతిలో పనే. ఆ తర్వాత జరిగేదాంట్లో నాకు ఒక్క పైసా రాదు. తిట్లు మాత్రం నాకే వస్తాయి.

మా వంశం గురించి ఒక ముచ్చట చెప్పాలి. నా వెనకున్న నల్లగీత పుట్టింది 1960ల్లో, అమెరికాలో. ఐబీఎంలో పనిచేసే ఫారెస్ట్ పారీ అనే ఇంజినీరు అయస్కాంతపు టేపు ముక్కను ప్లాస్టిక్‌కి అతికించలేక అవస్థ పడుతుంటే, బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్న ఆయన భార్య ఆ ఇస్త్రీపెట్టెతోనే అతికించమందని చెబుతారు. ఇక పిన్ నంబరు. 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో మొదటి క్యాష్ మిషను తెరుచుకుంది. అందులో పెట్టింది కార్డు కాదు, కార్బన్-14 పూసిన కాగితపు చెక్కు. ఆ మిషను తయారీకి ఆద్యుడైన జాన్ షెపర్డ్ బారన్ పుట్టింది మన షిల్లాంగ్‌లోనే. ఆరంకెలు పెడదామనుకున్నాననీ, నాలుగు దాటితే నాకు గుర్తుండవని భార్య అనడంతో నాలుగుకి దిగాననీ ఆయనే చెప్పుకున్నాడు. అలా నా ఒంటి మీద గీతకీ, నా పేరు చెప్పి జనం గుర్తుపెట్టుకునే అంకెలకీ ఇద్దరు ఇల్లాళ్లు కారణం. మూడో ఇల్లాలి సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మా అయ్యగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. చిల్లర విషయంలో ఆయన్ని మోసం చేసినవాడు డిపోలో లేడు. టికెట్టు వెనకాల రాసిన రూపాయిన్నర కూడా ఆఖరి స్టాపులో లెక్కచూసి ఇచ్చిన మనిషి. అమ్మగారు ఉద్యోగం చెయ్యలేదు గానీ, వీధిలో ఆడవాళ్ల చేత చీటీలు కట్టించి, పాట పాడించి, కమీషను పోగా ఎవరికెంతో నోటిలెక్కన చెప్పేవారు. అయ్యగారి బావమరిది ఒకాయన ఉన్నాడు, ప్రయాణాల పిచ్చి. థాయిలాండ్‌కి మనవాళ్లకి వీసా అక్కర్లేదన్న కబురు తెచ్చింది ఆయనే.

బయల్దేరే ముందు నన్ను మేల్కొలపాల్సి వచ్చింది. 2020లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన వల్ల మాలాంటి కార్డులు పుట్టుకతో దేశం దాటవు. యాప్‌లోకి వెళ్లి విదేశీ వాడకం అనే మీట తిప్పి, రోజుకి ఎంత తీయొచ్చో హద్దు పెడితేనే పనిచేస్తాయి. ఆ పని మేనల్లుడు చేసిపెట్టాడు. ఇది మరిచిపోయి వెళ్లి, పరాయి ఎయిర్‌పోర్టులో మిషను ముందు నిలబడి బ్యాంకు వాళ్లని తిట్టేవాళ్లు బోలెడుమంది.

బావమరిది జేబులో డాలర్ నోట్లున్నాయి. ట్రిప్పుకి 3,000 డాలర్ల దాకా నోట్ల రూపంలో పట్టుకెళ్లొచ్చు. రూపాయిని ఇక్కడ డాలరు చేసి, ఆ డాలర్ని అక్కడ థాయి బాట్ చెయ్యడమంటే రెండుసార్లు మార్పిడి, రెండుసార్లు కోత. అయినా సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో పైన హాల్లో ఉన్న కౌంటర్ల దగ్గర ఆగకుండా, కింద బేస్‌మెంటులో రైలు ఎక్కే చోటున్న కౌంటర్లకి వెళ్లాడు. ఒకే కప్పు కింద పై అంతస్తులో ఒక రేటు, కింద ఇంకో రేటు. కిందిదే నయం. ఆ ఒక్క సంగతిలో ఆయన తెలివికి నేను టోపీ పెట్టుకుని ఉంటే తీసేదాన్ని.

మా అయ్యగారు మాత్రం నోట్లు మోయడమెందుకు, కార్డుంది కదా అన్నారు. నన్ను తీసి మిషన్లో పెట్టారు.

లోపల ఏమవుతుందో మీకెప్పుడూ కనబడదు కనక చెబుతాను. నా ముఖాన బంగారు రంగులో చిన్న పలక ఉంది కదా, దాని మీద మిషను లోహపు వేళ్లు వచ్చి ఆనుతాయి. ఆ వేళ్ల నుంచే నాకు కరెంటు. అప్పుడు నాలో చిప్ లేచి, ఈ ఒక్క లావాదేవీకే పనికొచ్చే రహస్య సంకేతం ఒకటి తయారుచేస్తుంది. మళ్లీ ఇంకోసారికి అది చెల్లదు. ఆ సంకేతం ఇక్కడి బ్యాంకు నుంచి కార్డు నెట్‌వర్కుకీ, అక్కణ్ణుంచి సముద్రం దాటి మన బ్యాంకుకీ వెళ్లి, సరే అన్న మాట పట్టుకుని తిరిగొస్తుంది. మీరు కళ్లద్దాలు సర్దుకునేలోపు అయిపోతుంది.

అయ్యగారు 10,000 బాట్‌లు నొక్కారు. మొదటి తెర వచ్చింది: విదేశీ కార్డు కాబట్టి 220 బాట్‌లు ఫీజు, ఒప్పుకుంటారా అని. ఇది మిషను సొంతదారు తీసుకునేది. థాయిలాండ్‌లో ఏ బ్యాంకు మిషనైనా ఇంచుమించు ఇదే పాట. దీన్ని తప్పించుకునే దారి లేదు. ఒక్కటే వెసులుబాటు ఏమిటంటే, రెండు వేలు తీసినా ఇరవై వేలు తీసినా అదే 220. రెండు వేల మీద అది నూటికి పదకొండు, ఇరవై వేల మీద నూటికి ఒకటీ చిల్లర. అమెరికాలో కొన్ని బ్యాంకులు ఇలా పరాయి మిషన్లు లాక్కున్న ఫీజు తమ ఖాతాదారుకి తిరిగి జమ చేస్తాయి. అక్కడి కార్డుల్ని చూస్తే నాకు కుళ్లు.

రెండో తెర వచ్చింది. అసలు కథ ఇక్కడుంది.

దాని మీద బాట్‌లు పోయి రూపాయలు ప్రత్యక్షమయ్యాయి. మీ ఖాతాలోంచి పోయేది 27,185 రూపాయలు, మారకం రేటు బాట్‌కి 2.66, ఖాయం, తర్వాత మారదు అని. కింద రెండు మీటలు. ఒకటి మార్పిడితో, ఇంకోటి మార్పిడి లేకుండా.

అయ్యగారి మొహం వెలిగిపోయింది. "చూశావా, మనం ఇండియావాళ్లమని కనిపెట్టేసింది. రూపాయల్లో చెబుతోంది."

"మార్పిడి లేకుండా అంటే?" అన్నారు అమ్మగారు.

"మార్పిడి లేకపోతే డబ్బులెలా వస్తాయే! ఒద్దంటే కార్డు బయటికి నెట్టేస్తుంది."

నేను లోపల ఇరుక్కుని ఉన్నాను. నెట్టదు బాబూ, ఆ రెండో మీట నొక్కినా అవే బాట్‌లు వస్తాయి అని అరుద్దామంటే నాకు నోరుందా? మార్పిడి ఒద్దంటే రద్దు చెయ్యమని కాదు. నా ఖాతాలోంచి బాట్‌ల లెక్కనే అడుగు, రూపాయల్లోకి మార్చే పని మావాళ్లు చూసుకుంటారు అని. అలా అంటే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్కు ఆ రోజుకి పెట్టిన రేటు పడుతుంది. ఆ రేటు వాళ్ల వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. మార్పిడితో అంటే మాత్రం మిషను వాళ్లూ, వాళ్ల వెనకున్న మారకం కంపెనీ కలిసి పెట్టిన రేటు. అందులో వాళ్ల లాభం ముందే కలిసి ఉంటుంది. విడిగా ఫీజని చాలా తెరల మీద కనబడదు. 220 బాట్‌లు తీసుకుంటున్నానని మొహం మీద చెప్పిన మిషనే, అంతకు మూడింతలు రేటులో దాచి మర్యాదగా అడుగుతుంది. చాలా మిషన్లలో ఆ మీటే పెద్దదిగా, రంగుల్లో ఉంటుంది.

అయ్యగారు రంగు మీటే నొక్కారు.

ఆ రాత్రి హోటల్లో అమ్మగారు ఫోన్‌లో మెసేజీ చూసి కాగితం, పెన్ను అడిగారు. బావమరిది ఫోన్‌లో ఆ రోజు నెట్‌వర్కు రేటు వెతికించారు. బాట్‌కి రెండున్నర రూపాయలు. పదివేల రెండొందల ఇరవైని రెండున్నరతో హెచ్చవేస్తే 25,550. తేడా 1,635.

"ఇది నిజంగా తేడా కాదక్కా," అన్నాడు బావమరిది. "బాట్‌లు అనుంటే మన బ్యాంకు మార్కప్పని మూడున్నర శాతం వేస్తుంది. దాని మీద జీఎస్టీ 18 శాతం. అది వెయ్యీ యాభై అయిదు."

మాట నిజమే. చాలామంది ఈ లెక్క చెప్పకుండా, మార్పిడి ఒద్దంటే అంతా మిగిలిపోతుందని చెబుతారు. మా బ్యాంకు లాంటి బ్యాంకైతే మిగిలేది అయిదొందల ఎనభై.

"అయిదొందల ఎనభై ఊరికే వస్తుందా?" అన్నారామె. "సరే, రూపాయల్లో కట్టాం కాబట్టి ఆ మూడున్నర మన బ్యాంకు వెయ్యదని గ్యారంటీ ఉందా?"

లేదు. లావాదేవీ రూపాయల్లో పడినా, జరిగింది పరాయి దేశంలో కాబట్టి తమ వాటా వేసే బ్యాంకులున్నాయి. అప్పుడు కోత అక్కడా ఇక్కడా. బావమరిదికి దానికి జవాబు తోచక, తన క్రెడిట్ కార్డు సంగతి ఎత్తాడు. కావాలంటే దాంతో తీద్దామని. నేను పర్సులో పడుకుని విన్నాను. క్రెడిట్ కార్డుతో షాపులో కొంటే బిల్లు కట్టేదాకా గడువుంటుంది. నోట్లు తీస్తే గడువు లేదు, ఆ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, పైగా తీసినందుకు ఫీజు. అమ్మగారు చీటీల్లో అప్పుల వాళ్లని చాలామందిని చూశారు. దాన్ని లోపల పెట్టెయ్యమన్నారు.

అయ్యగారికి ఇంకో భయం. పెద్ద మొత్తం దగ్గరుంచుకుంటే జేబుదొంగలు కొట్టేస్తారని, రోజుకి రెండు వేల చొప్పున తీద్దామన్నారు. అలా తీస్తే తీసినప్పుడల్లా రెండొందల ఇరవై. మన బ్యాంకు విదేశీ విత్‌డ్రాయల్‌కి వేసే 125 రూపాయలూ, దాని మీద జీఎస్టీ మళ్లీ వేరు. జేబుదొంగ కొడితే ఒక్కసారి కొడతాడు, ఇది రోజూ కొడుతుందన్నారామె. అయ్యగారు నవ్వి ఊరుకున్నారు గానీ, ఆ రాత్రంతా అద్దం వెనక, పెట్టె అడుగున, దిండు గలేబులో అంటూ నోట్లకి దాచే చోట్లు వెతికారు.

నోట్లు లేకుండా గడిచే ఊరు కాదది. గ్రాండ్ ప్యాలెస్‌కి మనిషికి 500 బాట్‌లు. వీధి బండి మీద మామిడిపండూ జిగట అన్నమూ అమ్మే ఆవిడ దగ్గర స్థానికుల కోసం క్యూఆర్ అట్ట వేలాడుతోంది. అయ్యగారు అలవాటుకొద్దీ ఫోన్ తీసి స్కాన్ చేశారు, పలకలేదు. ఆవిడ నవ్వి చెయ్యి చాపింది. ఫాహురత్ బజారులో మనవాళ్ల బట్టల దుకాణాల్లో కార్డు తీసుకుంటామన్నారు, దాని మీద మూడు శాతం వేసి.

రెండోసారి నన్ను మిషన్లో పెట్టింది అమ్మగారే. అయ్యగారు పక్కన నిలబడి, ఖాతాలో ఎంతుందో ముందు చూడమన్నారు. అది చూసినా ఛార్జి పడుతుందని ఆమె బావమరిదిని అడిగి తెలుసుకుని వచ్చారు. మన బ్యాంకులు చాలావరకు విదేశంలో నిల్వ చూస్తే పాతిక రూపాయల దాకా వేస్తాయి. ఫోన్‌లో ఊరికే కనబడేదానికి పాతికెందుకు?

20,000 నొక్కారు. 220కి సరేనన్నారు. రూపాయల తెర మళ్లీ వచ్చింది, మళ్లీ అంతే మర్యాదగా. అమ్మగారు కళ్లద్దాలు పైకి తోసుకుని, రెండు మీటల మీదా ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివి, రంగులేని మీట నొక్కారు. నాలోంచి సంకేతం వెళ్లింది. ఒక క్షణం తెర నల్లబడింది. అయ్యగారు "అయిపోయింది, మింగేసింది" అన్నారు. మరుక్షణం లోపల చక్రాలు తిరిగి నోట్లు లెక్కపెట్టుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు తెనాలిలోనూ బ్యాంకాక్‌లోనూ ఒకటే.

తెనాలి వచ్చాక పాస్‌బుక్కు ఎంట్రీ వేయించారు. రెండో విత్‌డ్రాయల్‌కి ఇరవై వేల బాట్‌ల అసలు 50,000 రూపాయలు. మిషను ఫీజు 550. మార్కప్పూ, దాని జీఎస్టీ కలిపి 2,088. విత్‌డ్రాయల్ ఛార్జి 147 రూపాయల 50 పైసలు. అమ్మగారు ఆ మూడు కోతల్నీ విడివిడిగా రాసి పక్కపక్కన పెట్టుకున్నారు. అప్పటిదాకా ఇంట్లో అందరూ బ్యాంకాక్ మిషన్నే దొంగ అనుకున్నారు. కాగితం మీద చూస్తే అది తీసుకున్నది అయిదొందల యాభై. పెద్ద వాటా ఇంటి బ్యాంకుదే.

మర్నాడు నన్ను పట్టుకుని బ్రాంచికి వెళ్లారు. కౌంటర్లో కుర్రాణ్ని, "నాయనా, మార్కప్పు లేని కార్డు మీ దగ్గర ఉందా?" అని అడిగారు. ఆ కుర్రాడికి మార్కప్పంటే వెంటనే అందలేదు. ఛార్జీల పట్టిక తీసి చాలాసేపు కిందికీ మీదికీ జరిపాడు. చివరికి దొరికింది గానీ, అది ఎక్కువ నిల్వ ఉంచేవాళ్లకి ఇచ్చే కార్డు. విదేశాలకి వెళ్లేవాళ్ల కోసం ముందే డబ్బు నింపుకునే కార్డు ఇంకోటి ఉందన్నాడు.

"దాంట్లో బాట్‌లు నింపొచ్చా, డాలర్లేనా? డాలర్లు నింపి బాట్‌లు తీస్తే మళ్లీ మార్చినందుకు ఎంత?"

కుర్రాడు లేచి మేనేజరు గదిలోకి వెళ్లాడు. మేనేజరు బయటికొచ్చి, కూర్చోండమ్మా అని కుర్చీ చూపించి, పట్టిక మొత్తం ప్రింటు తీయించాడు. నాలుగు పేజీలు. అమ్మగారు చేతిసంచీలోంచి కళ్లద్దాలు తీసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. నన్ను కౌంటర్ మీద అలాగే వదిలేశారు. బావమరిది ఈసారి మలేషియా అంటున్నాడు. నన్ను తీసుకెళతారో లేదో ఆ నాలుగో పేజీ దాకా వెళితే గానీ తేలదు.