నాలుగు పావులు కలిస్తే...

నాలుగు పావులు కలిపితే ఎంత? మూడో తరగతి పిల్లాణ్ణి అడిగితే ఒకటి అంటాడు. వైన్స్ షాపు దగ్గర ఆ లెక్క చెల్లదు. ఫుల్లు 750 మిల్లీలీటర్లు, హాఫ్ 375. ఇక్కడిదాకా బాగానే ఉంది. క్వార్టరు మాత్రం 187.5 కాదు, 180. నాలుగూ కలిపితే 720 దగ్గరే ఆగిపోతుంది. తక్కువపడింది సరిగ్గా 30, అంటే ఒక చిన్న పెగ్గు! 12 ఫుల్లుల కేసులో 9 లీటర్లుంటే, 48 క్వార్టర్ల కేసులో ఉండేది 8.64. తేడా అచ్చంగా రెండు క్వార్టర్లు. ఏ దేవుడి హుండీలో పడుతున్నాయో మరి!

అసలీ 750 ఎక్కడిది? సీసాలు నోటితో ఊదే కాలంలో ఇంగ్లండులో ఏ రెండు సీసాలకీ పొంతన ఉండేది కాదు. దాంతో 1636లో వైన్‌ను సీసాల్లో అమ్మడమే నిషేధించారు. కొలిపించుకో, నీ సీసాలో పోయించుకో అన్నారు. గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా ఉండగా 1860లో గానీ ఆ పట్టు సడలలేదు.

1824లో ఇంగ్లీషువాడు గ్యాలన్‌ను ఖాయం చేశాడు. దానికి ఆరు సీసాలు: ఒక్కోటి సుమారు 757 మిల్లీలీటర్లు. అమెరికావాడి గ్యాలన్ చిన్నది, వాడు ఐదు సీసాలే చేశాడు. అదీ 757! గ్యాలన్ దగ్గర పేచీ పడ్డ రెండు దేశాలూ సీసా దగ్గరకొచ్చేసరికి రాజీపడ్డాయి. తర్వాత లీటర్ల కాలం వచ్చింది. అమెరికాలో వైన్‌కు 1979లో, విస్కీ వగైరాలకు 1980లో లీటర్ల కొలత తప్పనిసరై, 757 కాస్తా 750కి దిగింది. యూరప్‌వాడు వైన్‌కు 750 ఉంచి, విస్కీని 700కి కుదించాడు. మన విస్కీ ఫుల్లు 750 దగ్గరే నిలబడింది. ఏదైతేనేం, ఒక్క విషయంలో యూరప్ కన్నా 50 మిల్లీలీటర్లు ముందున్నాం!

అయితే మన ప్రజాస్వామ్యం నడిచేది ఫుల్లు మీద కాదు, క్వార్టరు మీద. ఎన్నికల ముందు రాత్రి బిర్యానీ పొట్లంతో పాటు చేతిలో పడేది అదే. 2024లో ఆంధ్రప్రదేశ్ కొత్త మద్యం విధానం 99 రూపాయల ధర కట్టిందీ 180 మిల్లీలీటర్లకే. కూలి డబ్బులతో కొనేవాడికి అందేది ఆ సైజే. కోత పడిందీ ఆ సైజుకే. హాఫ్ కొనేవాడికి చుక్క తగ్గలేదు.

మోసమనడానికి వీల్లేదు. 180 అని లేబుల్ మీద అచ్చేసే ఉంది. దాని పక్కనే, మద్యం ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరికా ఉంది. ఫుల్లు మీదా, క్వార్టరు మీదా అదే మాట. అందులో మాత్రం ఏడున్నర మిల్లీలీటర్ల తగ్గింపు కూడా లేదు.