ఒక తోట వాల్వు కథ

ఈ కథలోని వాల్వు బ్యాటరీతో పనిచేసే బాల్ వాల్వు. దీని నివాసం తిరుపతి జిల్లాలో స్వర్ణముఖి ఒడ్డునున్న నాయుడుపేటలో ఒక ఇంటి పెరడు. మిద్దె మీది ట్యాంకు నుంచి దిగిన పైపుకూ, నిమ్మ, మల్లె, కరివేపాకు పాదుల దాకా పరిచిన డ్రిప్పు పైపులకూ నడుమ దీన్ని బిగించారు. లోపల బ్యాటరీ కాక ఉన్నవి నాలుగే: నడిమి రంధ్రమున్న గోళం, దాన్ని పావు చుట్టు తిప్పే చిన్న మోటారు, ఒక చిప్పు, జిగ్బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో మాట్లాడే రేడియో. రంధ్రం పైపు వెంబడి నిలిస్తే నీళ్లు పారతాయి, అడ్డం తిరిగితే ఆగుతాయి.

బాల్ వాల్వు కావడం ఈ ఇంటికి కలిసొచ్చింది. పైలట్ రకం సోలినాయిడ్ వాల్వు తెరుచుకోవాలంటే నీటికి కొంత ఒత్తిడి ఉండాలి. 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీళ్లు ఇచ్చే ఒత్తిడి సుమారు ఒక బార్. 4 మీటర్ల ఎత్తున్న మిద్దె మీది ట్యాంకు నుంచి దక్కేది 0.4 బార్ మాత్రమే. గోళాన్ని మోటారే తిప్పుతుంది కాబట్టి బాల్ వాల్వుకు ఈ లెక్కతో పనిలేదు.

వాల్వుతో పాటు వచ్చింది ఒక ఫోన్ యాప్. అందులో మీట నొక్కితే ఆజ్ఞ ఇంటర్నెట్ మీదుగా తయారీదారు సర్వరుకు వెళ్లి, తిరిగి గేట్‌వే ద్వారా పెరట్లోకి రావాలి. ఆ ఇంట్లో దీపాలు, ఫ్యాన్లు అప్పటికే హోమ్ అసిస్టెంట్ కింద ఉన్నాయి. పౌలస్ స్కౌట్సెన్ 2013లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంట్లోని చిన్న కంప్యూటర్ మీదే నడుస్తుంది, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. వాల్వును అందులో చేర్చడానికి కంప్యూటర్‌కు జిగ్బీ సంకేతాలు అందుకునే డాంగిల్ తగిలించి, కోయెన్ కాంటర్స్ రాసిన జిగ్బీ2ఎంక్యూటీటీ అనే ప్రోగ్రామును నడిపారు.

బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే వాల్వు మీది దీపం మిణుకుమిణుకుమంది, డాంగిల్‌తో పరిచయం కుదిరింది. మోడల్ పేరు అడిగితే టీఎస్0601 అని చెప్పింది. అయినా ప్రోగ్రాము జాబితాలో దాని పక్కన ‘మద్దతు లేదు’ అని పడింది. జిగ్బీ ప్రమాణంలో ఆన్, ఆఫ్ ఆజ్ఞలకు 6వ నంబరు క్లస్టర్, అంటే ఆజ్ఞల సమూహం, ఉంది. ఆ దారిన నడిచే వాల్వును ఏ వ్యవస్థయినా గుర్తుపడుతుంది. ఈ వాల్వు మాత్రం అన్ని సంగతులనూ ట్యూయా అనే సంస్థ పరికరాలు వాడే 61184వ క్లస్టర్‌లోనే పంపుతుంది. అందులో ప్రతి సందేశానికీ డేటాపాయింట్ నంబరు, రకం, పొడవు, విలువ ఉంటాయి. ఏ నంబరుకు ఏ అర్థమన్నది తయారీదారు ఇష్టం. థర్మోస్టాట్లు, కర్టెన్ మోటార్లు కూడా ఇదే మోడల్ పేరు చెప్పుకుంటాయి కాబట్టి పేరును బట్టి పోల్చుకోలేరు.

అర్థాలు తేల్చడానికి లాగ్‌ను తెర మీద ఉంచి, వాల్వు బటన్ నొక్కి చూశారు. తెరిచినప్పుడు ఒక నంబరు కింద 1, మూసినప్పుడు 0 వచ్చాయి. తెరిచిన వెంటనే ఇంకో నంబరు కింద నాలుగు బైట్లు కనిపించాయి: 0, 0, 2, 88. రెండు 256లకు 88 కలిపితే 600. సరిగ్గా 10 నిమిషాలకు వాల్వు దానంతటదే మూసుకుంది. అంటే అది సెకన్లలో నడిచే గడువు. బ్యాటరీ శాతాన్నీ ఇలాగే పట్టుకున్నారు.

తేలిన అర్థాలను జావాస్క్రిప్టులో చిన్న ఫైలుగా రాసి, ఎక్స్‌టర్నల్ కన్వర్టర్‌గా చేర్చారు. మోడల్ పేరుకు తోడు తయారీదారు కోడ్ కూడా అందులో ఉండాలి, లేకుంటే ఇంకే పరికరానికో అంటుకుంటుంది. ప్రోగ్రామును మళ్లీ మొదలుపెట్టగానే వాల్వు హోమ్ అసిస్టెంట్‌లో కనిపించింది. ఆ ప్రోగ్రాముకూ హోమ్ అసిస్టెంట్‌కూ మధ్య సందేశాలు మోసే ఎంక్యూటీటీని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ రూపొందించారు. చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా కనిపెట్టుకోవడానికి పుట్టిన పద్ధతి ఇప్పుడు పెరటి పైపుకూ పనికొచ్చింది.

ఇక రోజువారీ పని. తెల్లవారుజామున వాల్వు తెరుచుకుంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, వాన కురిసిన రోజు మొక్కలకు తడి పెట్టదు. వాల్వు తెరిచి ఉన్నప్పుడు కరెంటు పోతే కంప్యూటర్, డాంగిల్ రెండూ ఆగిపోతాయి, మూయమని చెప్పేవాళ్లుండరు. ట్యాంకు ఖాళీ అయిపోతుంది. అందుకే తెరవమనే ప్రతి ఆజ్ఞకు ముందు గడువు నంబరు పంపుతారు. ఆ లెక్క వాల్వు చిప్పులోనే సాగుతుంది, బ్యాటరీ మీదే పూర్తవుతుంది.

ట్యాంకులోకి వచ్చే బోరు నీటిలోని లవణాలు గోళం చుట్టూ తెల్లగా పేరుకుంటే మోటారు బిగుసుకుంటుంది. నలుసులు ఆపడానికి వాల్వుకు ముందు జాలీ ఫిల్టర్ పెట్టి, అప్పుడప్పుడు కడగాలి. తడి అక్కర్లేని వానల్లో కూడా గోళాన్ని ఒకసారి తిప్పి మూయాలి. కన్వర్టర్ ఫైలును జిగ్బీ2ఎంక్యూటీటీ రాసేవాళ్లకు పంపితే, తర్వాతి కూర్పుల్లో అదే రకం వాల్వు ఎవరింట్లోనైనా మొదటిరోజే గుర్తింపు పొందగలదు. వాల్వు తెరిచి ఉండగా కంప్యూటర్‌కు కరెంటు తీసేసి చూడాలి. గడువుకు నీళ్లు ఆగితేనే అది ఇంటి వ్యవస్థలో చేరినట్టు లెక్క.