నిదానంగా నడిపేవాణ్నే ముందు పెట్టండి

స్నేహితులంతా కలిసి మన్యం దారుల్లో బైకుల మీద వెళ్తామంటే ఎవరిని అడిగినా చెప్పేవి అవే మాటలు. పెద్ద బండి తీసుకో. ముందురోజు సర్వీసింగ్ చేయించు. తెల్లారకముందే బయల్దేరు. ఫోన్లో మ్యాప్ పెట్టుకో. బాగా నడిపేవాణ్ని ముందుంచు. ఈ అయిదింటిలో ఒక్కటీ చేయకండి. నర్సీపట్నంలో బయల్దేరి లంబసింగి ఘాటు ఎక్కి, చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం మీదుగా రాజమండ్రిలో దిగే దారిని మనసులో పెట్టుకుని చెబుతున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైంది వరస. మీలో అందరికంటే నిదానంగా నడిపేవాడు ముందుండాలి. వాణ్ని వెనకపెడితే ఏమవుతుందో గమనించండి. ముందువాళ్లు మలుపు దగ్గర ఆగుతారు, టీ తాగుతారు, కబుర్లు చెప్పుకుంటారు. వెనకవాడు చెమటలు కక్కుతూ వచ్చి హెల్మెట్ తీసేలోపు ‘పద పద’ అని లేస్తారు. విశ్రాంతి అందరికీ దొరుకుతుంది, అది కావలసినవాడికి తప్ప. మధ్యాహ్నానికి వాడి చేతులు లాగేస్తాయి. అందరినీ ఆపుతున్నానన్న సిగ్గుతో తనకు చేతకాని వేగం పోతాడు. పడేది అప్పుడే. అదే మనిషి ముందుంటే వేగం వాడిదే, ఆగడం వాడిదే. చెయ్యి తిరిగినవాడు టూల్ కిట్ పట్టుకుని చిట్టచివర రావాలి, ఎవరి బండి ఆగినా దాటిపోకుండా. ‘ఒరేయ్, వీడి వెనకాల ఎంతసేపురా?’ అని గొణిగేవాడు ఒకడుంటాడు. వాణ్ని ఆ ముందువాడి వెనకే పెట్టండి. మధ్యాహ్నం దాటేసరికి వాడే మలుపు మలుపుకీ ‘మెల్లగా మామా’ అంటాడు.

బండి చిన్నదే మంచిది. స్ప్లెండర్ లాంటి బండి బరువు 110 కిలోలకు కాస్త అటూ ఇటూ. బుల్లెట్ తరహా బండి 200 కిలోలకు దగ్గర. రోడ్డు పని జరిగేచోట కంకర మీద జారి పడితే ఈ తేడా ఏమిటో నడుముకు తెలుస్తుంది. చిన్నబండిని ఒక్కడే లేపుకుంటాడు. పైగా దాని ప్లగ్గూ కేబుళ్లూ ఏ చిన్న ఊరి మెకానిక్ షెడ్డులోనైనా దొరుకుతాయి. స్కూటరున్నవాడు స్కూటరు మీదే రావచ్చు, రానివ్వండి.

సర్వీసింగ్ బయల్దేరే ముందురోజు చేయించకండి, రెండు వారాల ముందే చేయించేయండి. విప్పి బిగించిన బండిలో ఏది వదులైందో, ఏది మరీ బిగిసిందో ఊళ్లో తిరుగుతుంటేనే బయటపడుతుంది. ఘాటు మీద బయటపడితే దిక్కుండదు. కొత్త టైర్లూ అంతే. పైన నున్నటి పొర అరిగేదాకా అవి జారతాయి, ఆ అరుగుదల ఊళ్లోనే కానివ్వండి.

క్లచ్ కేబుల్ సంగతి ప్రత్యేకం. అది చటుక్కున తెగదు. లివర్ దగ్గర ఇత్తడి గుండు పక్కన ఒక్కో పోగూ విడిపోతూ వస్తుంది. రబ్బరు తొడుగు వెనక్కి లాగి, లివర్ నొక్కి, గుడ్డతో తుడిచి చూడండి. ఒక్క పోగు లేచి వేలికి గుచ్చుకున్నా మార్చేయండి. మార్చేటప్పుడు ఇంకో కొత్త కేబుల్ కూడా కొని, బిగించినదాని పక్కనే అదే దారిలో పరిచి, రెండు కొసలకూ ప్లాస్టిక్ చుట్టి కట్టేయండి. రేపు తెగినా ట్యాంకు విప్పే పనుండదు. రెండు కొసలూ తగిలించుకుని వెళ్లిపోవడమే.

లంబసింగికి తెల్లవారుజామున బండి మీద చేరుకోకండి. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు. శీతాకాలంలో పొగమంచు చూడాలని జనం చీకట్లో ఆ మంచులోనే ఘాటెక్కుతారు. హై బీమ్ వేస్తే వెలుతురు తిరిగి కళ్లలోనే పడుతుంది, ఎదుటి జీపు పదడుగుల్లోకి వచ్చేదాకా తెలియదు. నర్సీపట్నంలో కడుపునిండా టిఫిన్ తిని, ఎండెక్కాక బయల్దేరండి. రాత్రి పైనే పడుకోండి. పొద్దున్నే మంచులోకి నడిచి వెళ్లండి. నడిస్తేనే సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియం తీగలూ, ఆ నీడలో ఎర్రబడుతున్న కాఫీ పళ్లూ కంటపడతాయి.

ఒక్క రోజులో పూర్తిచేయాలనుకోకండి, మూడు రోజులు పెట్టుకోండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు దళం వరసగా మూడు పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లింది ఈ వరసలోనే. మనం ఎక్కే ఘాటుకూ ఆ కథలో చోటుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. పోడు మీద అటవీ చట్టాల ఆంక్షలకు ఆ కడుపుమంట తోడైంది. 1924 మే 7న రామరాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు, ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. అంతటి చోటును హారన్ కొట్టుకుంటూ ఒక్క పూటలో దాటేసి ఫొటోలు పెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. బండ్లు ఆపి, ఆ సమాధి దగ్గర ఒక గంట కూర్చోండి.

ఫోన్లో మ్యాప్ చూస్తూ పోకండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఉన్నప్పుడు అది చూపించే దగ్గరిదారి వాగులో తేలుతుంది. మనుషుల్ని అడగండి, అయితే అడగడం తెలియాలి. ‘ఈ దారి రాజవొమ్మంగి వెళ్తుందా?’ అంటే మర్యాద కోసమైనా ‘వెళ్తాది’ అనేస్తారు. ‘తాతా, రాజవొమ్మంగి బస్సు ఎటు పోతాది?’ అనండి. చెయ్యెత్తి కచ్చితంగా చూపిస్తారు. ఆర్టీసీ బస్సు పోయే దారి మనకు చాలు. ‘ఎన్ని కిలోమీటర్లు?’ అని కాకుండా ‘చీకటిపడేలోపు చేరతామా?’ అని అడగండి. దానికి వాళ్లిచ్చే జవాబు మ్యాపు చెప్పే గంటల కంటే నమ్మదగ్గది.

దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలకండి, ఇంజన్ ఆపకండి. ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి. బ్రేకు పట్టుకునే ఉంటే వేడెక్కి, చివరి మలుపులో పట్టు తప్పుతుంది. ఎక్కే బండికి దారివ్వండి, చట్టం కూడా అదే చెబుతోంది. మందు సంగతికి వస్తే ఒక్కటే మాట: ఆ మూడు రోజులూ చుక్క కూడా వద్దు, రాత్రిళ్లు కూడా.

రంపచోడవరం దాటి మైదానంలో పడ్డాక అందరికీ చేతులు దురదపెడతాయి. రోడ్డు చక్కగా ఉంటుంది, ఇల్లు దగ్గరపడిందనిపిస్తుంది, వరస చెదిరిపోతుంది. నాకు ఘాటు కంటే ఈ ముక్కే భయం. గోకవరంలో బండ్లన్నీ ఆపించి అన్నం తినండి. తిన్నాక మళ్లీ నిదానంగా నడిపేవాణ్నే ముందు పెట్టి, ఊరు చేరేదాకా ఎవరూ వాణ్ని దాటకండి.