సిబ్బంది ఆరోగ్యం దృష్ట్యా

పట్టుచీరల షోరూములో కూర్చునే హక్కు కొనేవాళ్లది. వాళ్లకు మెత్తటి స్టూళ్లు, చల్లటి మజ్జిగ. చూపించేవాళ్లు మాత్రం పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా కాళ్ల మీదే ఉండాలి. బేరాల్లేని మధ్యాహ్నం కూడా అంతే. గోడకు ఆనుకుంటే సీసీ కెమెరా పట్టేస్తుంది, నెలాఖరున జీతంలో వంద తగ్గుతుంది.

బెజవాడలో అలాంటి ఒక కొట్లో కంచి కౌంటరు అమ్మాయికి ఎడమ పిక్క మీద నరాలు వానపాముల్లా ఉబ్బాయి. చీలమండ దగ్గర చర్మం నల్లబడి ఒకటే దురద. రాత్రి ఇంటికెళ్లేసరికి కాలు వాచి చెప్పు పట్టేది కాదు. డాక్టరుగారు స్కానింగ్ చేసి వేరికోస్ వెయిన్స్ అని తేల్చారు.

"కాళ్లలో నెత్తురు గుండె వైపు పైకెక్కాలమ్మా. కిందికి జారకుండా సిరల్లో కవాటాలుంటాయి. నడుస్తుంటే పిక్క కండరం పిండి పైకి తోస్తుంది. కదలకుండా నిలబడితే ఆ తోపు ఉండదు. నీకు కవాటాలు వదులైపోయాయి, నెత్తురు కిందే నిలుస్తోంది."

తల్లి బెంబేలెత్తింది. "మా అత్తగారికీ ఇదేనండీ. గజ్జల దగ్గర కోసి నరం మొత్తం లాగేశారు. నెల్లాళ్లు మంచం దిగలేదు."

"ఇప్పుడు ఆ కోతలేం లేవు. పొద్దున రండి, సాయంత్రం వెళ్లిపోవచ్చు."

అన్నట్టే చేశారు. మోకాలి దగ్గర సూదితో గుచ్చి సన్నటి తీగను తొడపైదాకా పంపారు. పక్క కండ కాలకుండా, నొప్పి తెలియకుండా సిర పొడుగునా మందు కలిపిన సెలైన్ ఎక్కించారు. లేజరు వెలిగించి, స్కానింగ్ తెర మీద చూసుకుంటూ తీగను మెల్లగా వెనక్కి లాగారు. ఆ వేడికి పాడైన సిర ముడుచుకుని మూసుకుపోయింది. నెత్తురు లోపలి సిరల దారి పట్టింది. అంతా గంటలోపే. బిగుతు మేజోడు తొడిగి, "లే, వరండాలో నాలుగు చుట్లు నడువు" అన్నారు. తల్లి ఫ్లాస్కు పట్టుకుని నోరు తెరుచుకుని చూసింది. గాయం సూది మొనంతే గానీ బిల్లు అలా లేదు, ఆమె గాజులు తాకట్టుకు వెళ్లాయి.

వెళ్లేముందు డాక్టరుగారు చీటీ మీద రెండు మాటలు రాశారు. పగలంతా మేజోళ్లు వేసుకోవాలి. పని మధ్యలో కాసేపు కూర్చోవాలి.

"కూర్చోనివ్వరు సార్."

"అడుగమ్మా. కోజికోడ్ బట్టల కొట్లలో ఆడవాళ్లు ఇందుకోసమే పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం చట్టం మార్చి కూర్చోడానికి సీట్లు వేయించాలంది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. రెండో మాట వినకపోతే రెండో కాలు కూడా నా దగ్గరికొస్తుంది."

ఫ్లోర్ మేనేజరు ముందు సెలవు దగ్గరే పేచీ పెట్టాడు. "పొద్దున వెళ్లి సాయంత్రానికి నడిచొచ్చే ఆపరేషనుకి మూడు రోజులెందుకమ్మా? అసలే శ్రావణమాసం." కొత్త వైద్యం మంచిదే, అయితే మంచం పట్టనివాళ్లను రోగులని ఎవరూ ఒప్పుకోరు. మర్నాడే డ్యూటీకొచ్చి చీటీ అతని చేతిలో పెట్టింది. అతను చదివాడు. మళ్లీ చదివాడు. మొహం మెత్తబడింది.

"చాలా మంచి మాట రాశారు డాక్టరుగారు. ఓనరుగారితో నేను మాట్లాడతా. నీ ఒక్కదానికే కాదు, ఫ్లోరంతటికీ ఏర్పాటు చేయిస్తా."

ఆ వారమంతా కౌంటర్ల వెనక అదే చర్చ. స్టూలు ఎత్తు ఎంతుంటే బల్ల మీద చీర అందుతుంది? ఇద్దరికొకటా, మనిషికొకటా? ఫ్యాన్సీ కౌంటరు అక్క, పాతికేళ్లుగా నిలబడ్డ మనిషి, "నాకు చెక్క పీటైనా చాలే" అంది. అమ్మాయికి అందరూ టిఫిను తెచ్చిపెట్టారు.

సోమవారం పొద్దున లిఫ్టులోంచి మూడు అట్టపెట్టెలు దిగాయి. స్టూళ్లు విడిభాగాలుగా వచ్చి ఉంటాయి, ఇక్కడే బిగిస్తారు కాబోలు అనుకున్నారు. మేనేజరు స్వయంగా కత్తెరతో టేపు కోశాడు.

లోపల గోధుమరంగు మేజోళ్లు. మనిషికో జత. పెట్టె మీద పెట్టిన సర్క్యులరును అతనే గట్టిగా చదివాడు:

"సిబ్బంది ఆరోగ్యం దృష్ట్యా, వైద్యుల సలహా మేరకు యాజమాన్యం అందరికీ మేజోళ్లు సమకూర్చినది. వీటి ఖరీదు జీతం నుండి నాలుగు వాయిదాలలో మినహాయించబడును. ఇకమీదట కాళ్ల నొప్పి కారణంగా సెలవులు ఇవ్వబడవు."