టెన్షన్

కళ్యాణదుర్గం వైపు పల్లె రైతు. ఛాతీనొప్పితో అనంతపురం ఆసుపత్రికొస్తే స్టెంటు వేశారు. మూడో రోజు రౌండ్స్‌లో డాక్టరు అడిగాడు: "ఏమన్నా టెన్షన్ పడినారా పెద్దాయనా?"

భార్యే అందుకుంది. "ఎందుకు పళ్లే సార్! నాలుగో బోరు వెయ్యడుగులు దింపిచ్చిరి. తెల్లదుమ్ము తప్ప చెమ్మ రాలే. చీనీచెట్లు నిలువునా ఎండిపాయె."

"నువ్వూరుకో," అన్నాడు రైతు. "నాకేం టెన్షన్ లే సార్. మిద్దె మింద నిద్రపోతాంటి. అప్పుడొచ్చె."

డాక్టరు కుర్రవాడు, చదువు వేడి ఇంకా తగ్గలేదు. "నిజమే కావచ్చు. రక్తం ఆగితే చాలు, మనసుతో పనిలేదు. గుండెలో నరాల కొసల్లో నోరడ్రినలిన్ అనే రసాయనం ఉంటుంది, టెన్షన్‌లో బయటికొచ్చేది అదే. బయటికొచ్చినదాన్ని మళ్లీ లోపలికి లాక్కునే మోటార్లుంటాయక్కడ. రక్తం అందక పది నిమిషాలు దాటిందా, శక్తి అయిపోయి, నరంలో సోడియం పేరుకుని..."

"రివర్సు తిరుగుతాయా? ఫేజులు మారినట్ల?"

అనంతపురం రైతుకు మోటారు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. దాని కింద నీళ్లుండవు, అంతే.

"అదే! లాక్కోవాల్సినవి బయటికి తోసేస్తాయి, వందల రెట్లు. గుండె లయ తప్పడానికి అదొక కారణం. 1980లలో జర్మనీలో షోమిగ్ బృందం ఎలుక గుండెను ఒంట్లోంచి తీసి విడిగా పెట్టి చూసింది. తలకాయ లేదు, సంసారం లేదు. అయినా అదే జరిగింది."

రైతు భార్య వైపు తిరిగాడు. "వింటివా? ఎలక్కేం టెన్షను?" మళ్లీ ఇటు తిరిగి, "శక్తి అంటిరే, అదేంది సార్?"

"ఏటీపీ అంటారు. 1929లో కండల్లో దాన్ని పట్టుకున్నవాళ్లలో మన తెలుగాయన ఒకరు. యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, అమెరికా పోయి, హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టారు."

"భీమవరమా! కాలవనీళ్ల సీమ." రైతు మొహం విప్పారింది. "బాగుండాడా సార్ ఆయన?"

డాక్టరు నసిగాడు. "1948లోనే పోయారు, న్యూయార్క్‌లో. 53 ఏళ్లకే. నిద్రలో గుండె ఆగి."

రైతు ఇంకేం మాట్లాడలేదు. భార్య బాటిలు తీసుకుని నీళ్లకు వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఆయనవి ఎన్ని బోర్లు ఫెయిలైనాయి సార్?"