తలాడిస్తే కేసు పోతుంది

యాక్సిడెంటు చేయించుకునే ఉద్దేశం ఉన్నవాళ్లకు ఒక ఉచిత సలహా. ఎముక విరిగేలా చూసుకోండి. చెయ్యో, కాలో, ఏదీ కుదరకపోతే చిటికెన వేలో. విరిగిన ఎముకకు మన సమాజంలో ఒక గౌరవం ఉంది. ఎక్స్‌రేలో పడుతుంది, వూండ్ సర్టిఫికెట్‌లోకి ఎక్కుతుంది, చూడ్డానికొచ్చిన బంధువులకు చూపించుకోవచ్చు. పుత్తూరు బస్సెక్కి కట్టు కట్టించుకొచ్చిన మనిషికి టీకొట్టు దగ్గర బెంచీ ఖాళీ చేసి మరీ కూర్చోబెడతారు. మెడ మాత్రం ఛస్తే బెణికించుకోకండి. కాలు విరిగినవాడికి నొప్పి ఉంటుంది. మెడ బెణికినవాడికి నటన ఉంటుంది.

మా బాబాయి గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. లాడ్జి సెంటర్‌లో ఎర్రలైటు పడిందని తన సెకండ్‌హ్యాండ్ వ్యాగనార్ ఆపాడు. ఎర్రలైటుకి ఆగడం మన ఊళ్లలో ఎంత సాహసమో తెలిసి కూడా ఆపాడు. వెనకాల వస్తున్న కారాయన ఇలాంటి పరిణామాన్ని ఊహించలేదు. వచ్చి గుద్దాడు. పెద్ద వేగం కూడా కాదు. కానీ మెడ బెణకడానికి వేగం అక్కర్లేదు. వెనక దెబ్బకు సీటు ఒంటిని ముందుకు తోస్తుంది, తల ఉన్నచోటే ఉండిపోతుంది, ఆ మధ్యలో ఉన్న మెడ రెప్పపాటులో మెలి తిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. సీటు మీద తలకు ఆనుకునే దిండు ఒకటి ఉంటుంది చూడండి, అది నడినెత్తి ఎత్తుకు లేపి ఉంచితే చాలావరకు కాపాడేది. బాబాయి కారులో అది కొన్ననాటినుంచీ అట్టడుగుకి దిగిపోయి, తువ్వాలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది.

గుద్దిన రెండో నిమిషానికి ముప్పై మంది న్యాయమూర్తులు పోగయ్యారు. ‘దెబ్బలేమైనా తగిలాయా బాబాయ్?’ అని ఎవరో అడిగితే ఆయన ‘అబ్బే, ఏం లేదు’ అన్నాడు. ఆ నిమిషానికి నిజంగానే ఏం లేదు. బంపరు నొక్కుకుపోయిందని రెండు వేలు ఫోన్‌పే చేయించి సభ ముగించారు. ఇలాంటి నొప్పి చాలామందికి వెంటనే రాదని, కొన్ని గంటలకో, మర్నాటికో మొదలవుతుందని ఆ ముప్పై మందిలో ఒక్కరికీ తెలియదు. మర్నాడు పొద్దున బాబాయి మంచం మీంచి లేవబోతే తల దిండుమీదే ఉండిపోయింది.

ఇంక వైద్యం మొదలు. పిన్ని జండూబామ్ రాసింది. పక్కింటాయన వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టాడు. సెలూన్ కుర్రాడు ‘ఒక్కసారి విరిస్తే సెట్టయిపోద్ది సార్’ అని రెండు అరచేతులూ గడ్డం కింద పెట్టేశాడు కూడా. దేవుడి దయవల్ల ఆ సమయానికి కరెంటు పోయింది. చివరికి ఆసుపత్రిలో ఫిలిం తీస్తే ఎముకలన్నీ క్షేమం. ఈ దెబ్బలో నలిగేది కండరాలూ, స్నాయువులూ. అవి ఎక్స్‌రేకి లొంగవు. రిపోర్టులో ‘నార్మల్’ అని రాసుంది. ఆ ఒక్క మాట బాబాయికి కారు కన్నా గట్టిగా తగిలింది.

పోలీస్‌స్టేషన్లో అడిగిన ప్రశ్నలో తప్పు పట్టలేం. ‘నిన్న గుద్దితే ఇవాళ నొప్పేంటండీ?’ ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క సాకుతో నష్టపరిహారం కేసు కొట్టెయ్యకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది గానీ, ఆ తీర్పు ఢిల్లీ నుంచి బయల్దేరి గుంటూరు దాకా వచ్చేసరికి మధ్యలో ఎన్ని సిగ్నళ్లున్నాయో. 2022 నుంచి కొత్త రూల్సు కూడా వచ్చాయి. సమాచారం అందిన 48 గంటల్లో పోలీసులు ట్రైబ్యునల్‌కి తొలి నివేదిక పంపాలి. బాబాయి మెడ బాబాయికే సమాచారం పంపడానికి ఒక రోజు తీసుకుంది, ఇంక పోలీసుల్ని ఏమంటాం.

తర్వాత ప్రశ్న: ఇది మామూలు గాయమా, తీవ్రమైన గాయమా? పాత ఐపీసీలో అయితే 20 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్రగాయమే. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత దాన్ని 15 రోజులకు తగ్గించింది. ప్రభుత్వం అంత ఉదారంగా అయిదు రోజులు రాయితీ ఇస్తే, మా బాబాయి పద్నాలుగో రోజున కాలర్ బిగించుకుని కొట్టుకెళ్లి కూర్చున్నాడు. సీజను. మిర్చి టిక్కీలు రోడ్డు దాకా వచ్చేశాయి, పద్దు రాసేవాడు లేడు. పనికి పోకపోతే జీతం పోతుంది, పోతే కేసు పోతుంది. ఆయన జీతాన్ని ఎంచుకున్నాడు. ఇలాంటి అవివేకులవల్లే మన దేశంలో తీవ్రగాయాలు తక్కువగా నమోదవుతున్నాయి.

అసలు గొడవ ఆ కాలర్ దగ్గర వచ్చింది. అది గోధుమరంగు స్పాంజి పట్టీ. వెల్క్రో బిగిస్తే గడ్డం ఆకాశంలోకి చూస్తుంది, ఎదురుగా ఉన్న పద్దుపుస్తకం కనపడదు. నాలుగు రోజులయ్యాక ఫిజియో అమ్మాయి ‘తీసెయ్యండి అంకుల్, ఎక్కువ రోజులు పెడితే మెడ కండరాలు ఇంకా నీరసిస్తాయి, మెల్లగా కదిలిస్తుంటేనే తగ్గుతుంది’ అంది. ఇవాళ్టి వైద్యం చెప్పేదీ అదే. ఆ సాయంత్రమే కేసు వేసిన వకీలు గారు ఫోన్ చేసి ‘ఏంటండీ, కాలర్ లేకుండా బ్రాడీపేటలో కనిపించారట’ అని నిలదీశారు. మెడ బాగుపడాలంటే కాలర్ తియ్యాలి, కేసు బాగుపడాలంటే పెట్టాలి. మధ్యేమార్గంగా బాబాయి ఇంట్లో తీసేసి వీధిలో పెట్టుకుంటున్నాడు, చొక్కాలాగా.

ఇది మన ఒక్కళ్ల తెలివి అనుకోకండి. బాబాయి కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ మెడనొప్పి క్లెయిములు అంత ఎక్కువై, 2021 మే 31 నుంచి ఏకంగా ధరల పట్టిక పెట్టేశారు. అప్పటి రేటు ప్రకారం మూడు నెలల్లోపు తగ్గే మెడకు 240 పౌండ్లు, ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా వేధించే మెడకు 4,215 పౌండ్లు. అంటే ఎంత త్వరగా కోలుకుంటే అంత నష్టపోతాడు. కాకపోతే డాక్టరు రిపోర్టు చూడకుండా రాజీ బేరం పెట్టడం అక్కడ నిషేధం. మనకి ఆ బేరం నడిరోడ్డు మీద, హారన్ల మధ్య, ముప్పై మంది సమక్షంలో జరుగుతుంది. కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రంలో 1995లో ఈ లెక్కే మార్చారు. నొప్పికీ బాధకీ కోర్టులో డబ్బు రాబట్టే పద్ధతి తీసేసి, తప్పెవరిదైనా ఖర్చులు ఇచ్చే పద్ధతి పెట్టారు. క్లెయిములు నాలుగో వంతుకు పైగా పడిపోయాయి, అవి తెమలడానికి పట్టే కాలం సగానికి తగ్గిపోయింది. దీన్ని చూసి ‘చూశారా, అంతా నాటకమే’ అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. రోజూ ‘నీకు నొప్పి ఉందని రుజువు చెయ్యి’ అని అడుగుతూ ఉంటే, నొప్పి మాత్రం ఎక్కడికి పోతుంది? వాయిదాకి రావాలి కదా, పాపం.

మనవైపు లెక్క ఇంకో రకం. శాశ్వత వైకల్యం ఉంటే నెలసరి ఆదాయాన్ని పన్నెండుతో, ఆ పైన వయసు గుణకంతో హెచ్చవేసి, అందులో సంపాదన ఎంత శాతం పడిపోయిందో అంత ఇస్తారు. 2009 నాటి సుప్రీంకోర్టు పట్టికలో యాభై రెండేళ్లవాడి గుణకం 11. బాబాయి గుమస్తా కదా, మిర్చి చిట్టీ వెనకాల నిమిషంలో లెక్కకట్టేశాడు. నగదు జీతానికి కాగితం లేదన్నది పెద్ద అడ్డు కాలేదు. లెక్కాపత్రం లేని కూరగాయల వ్యాపారికి కూడా 2014లో సుప్రీంకోర్టు నెలకు 6,500 ఆదాయం కట్టింది. అడ్డల్లా చివరి అంకె. బెణికిన మెడకు వైకల్యం సున్నా శాతం. ఎంత పెద్ద మొత్తాన్నయినా సున్నాతో గుణిస్తే ఏమొస్తుందో మిర్చియార్డులో అందరికీ తెలుసు. మిగిలేవి మందుల బిల్లులు, పోయిన పనిరోజులు, నొప్పికి ఇంత అని ఇచ్చేది. జండూబామ్‌కి, ఉప్పు మూటకి బిల్లులు లేవు.

‘ఎనిమిది శాతానికి సర్టిఫికెట్ ఇప్పిస్తా’ అని కోర్టు వరండాలో ఒకాయన తగులుకున్నాడు. వైద్యం చెయ్యకుండానే రెడీమేడ్‌గా సర్టిఫికెట్లు ఇచ్చే డాక్టర్లతో జాగ్రత్త అని సుప్రీంకోర్టు 2011లో ట్రైబ్యునళ్లను హెచ్చరించింది. ఆ వరండాలో వ్యాపారం చూస్తే దాన్ని హెచ్చరికగా కాక ప్రకటనగా చదువుకున్నారేమో అనిపిస్తుంది. నిజానికి అదే తీర్పు బాబాయి లాంటివాళ్లకు పనికొచ్చే మాట ఇంకోటి చెప్పింది: డాక్టరు వేసే శాతం కాదు, ఆ మనిషి చేసే పనికి ఎంత ఆటంకమైందో చూడమని. రోజంతా తల వంచి పద్దు రాసేవాడికి మెడ అంటే పనిముట్టు. ఆ సంగతి చెప్పడానికే బాబాయి బోనెక్కాడు.

ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు చాలా మర్యాదస్తుడు. ఫోన్‌పే రెండు వేల గురించి అడిగాడు, కాలర్ గురించి అడిగాడు. తర్వాత ప్రేమగా, ‘ఇప్పటికీ నొప్పిగానే ఉందాండీ?’ అన్నాడు. మన తెలుగువాళ్లకు నోటికన్నా ముందు తల జవాబు చెబుతుంది. బాబాయి గంగిరెద్దులా నిండుగా తలాడించాడు, పైకీ కిందికీ, రెండుసార్లు.

‘సాక్షి మెడ ఇబ్బంది లేకుండా కదులుతున్నట్టు నోట్ చేసుకోవలసిందిగా మనవి’ అన్నాడాయన.

‘అబ్బే, లేదండీ’ అని బాబాయి తల అడ్డంగా ఊపాడు. అదీ రాసుకున్నారు.

కేసు పైవాయిదాకి పడింది. లోక్ అదాలత్‌లో రాజీకి వస్తారేమో కనుక్కుంటున్నారట. ఈలోగా తలాడించకుండా జవాబు చెప్పడం సాధన చెయ్యమని వకీలు గారి ఉత్తర్వు. రోజూ సాయంత్రం పిన్ని స్టూలేసుకుని ఎదురుగా కూర్చుంటుంది.

‘మీ పేరేంటండీ?’ బాబాయి కదలకుండా చెప్పాడు.

‘ఏం చేస్తారు?’ కదలకుండానే చెప్పాడు.

‘ఎంత ఓపికండీ మీకు! కాస్త కాఫీ పెట్టనా?’

ఊపేశాడు.

‘మళ్లీ మొదట్నుంచీ’ అంది పిన్ని.